నాలుగు నిమిషాల ముందే

"అక్కా, నీ పాత రిజిస్టర్లు ఇంకో వారం ఉంచుకోనా?" అంది చిన్నకోడలు. పెద్దకోడలు గదిలోకి రావడం చూసి, చటుక్కున కంప్యూటర్ తెర మూసేసింది.

"ఉంచుకో. పదకొండేళ్ళు కంటిమీద కునుకు లేకుండా నేను కొలిచినవేగా," అంది పెద్దకోడలు పుల్లవిరుపుగా.

తోడికోడళ్ళిద్దరిదీ ఒకే వేధశాలలో ఉద్యోగం. పెద్దామె కొలిచేది ఒక జంట నక్షత్రాన్ని. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, అడ్డొచ్చినప్పుడల్లా వెలుగు తగ్గుతుంది. రెండు రోజుల తొమ్మిది గంటలకోసారి, ఠంచనుగా. నిరుడు చేరిన చిన్నామె ఆ లెక్కలన్నీ తిరగేసి, ఒక చలికాలం మాత్రం వెలుగు నాలుగు నిమిషాల ముందే తగ్గిందని పట్టుకుంది. కంటికి కనిపించని మూడో నక్షత్రం ఆ జంటను లాగుతోందని తేల్చింది.

"చిన్నది వచ్చాకే మనింటికి పేరొస్తోంది," అని అత్తగారు ఇరుగుపొరుగుతో చెబుతుంటే పెద్దకోడలికి కడుపు రగిలిపోయింది. కష్టం తనది, కిరీటం దానిది.

నిజానికి ఆ చలికాలం వేధశాల గడియారం నాలుగు నిమిషాలు వెనకబడి నడిచింది. ఆ సంగతి, దాన్ని సరిచేసిన పెద్దకోడలికొక్కదానికే తెలుసు. అప్పట్లో రిజిస్టర్లో రాయడం మరిచిపోయింది. ఇప్పుడు చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. రెండుసార్లూ మింగేసింది.

సదస్సు రోజున కావాలనే ఆలస్యంగా వెళ్ళి వెనక వరుసలో కూర్చుంది. చిన్నకోడలి ప్రసంగం ముగియగానే లేచింది.

"ఆ చలికాలం గడియారం సరిచూశావా?"

"లేదక్కా..."

"నాలుగు నిమిషాలు వెనకుంది. నక్షత్రం లేదు, గిక్షత్రం లేదు."

హాలంతా గుసగుసలు. చిన్నకోడలు కాగితాలు పోగుచేసుకుని, తల వంచుకుని వెళ్ళిపోయింది. పెద్దకోడలికి గుండెల్లో మంట చల్లారినట్టయింది.

వేధశాల డైరెక్టర్ ఆమె దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.

"అమ్మా, ఇంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు. పరిశోధన పత్రికవాళ్ళు ఈ వ్యాసం వేసుకుంటామన్నాక కూడా!"

"ఉన్నమాట చెప్పాను సార్, అంతే."

"అంతేనా? అచ్చయ్యేదాకా మీకు తెలియనివ్వొద్దని మీ చెల్లెలు మా అందరి దగ్గరా ఒట్టు వేయించుకుంది. మీకెలా తెలిసింది?" అంటూ వ్యాసం ప్రతి చేతిలో పెట్టాడు.

రచయితల్లో మొదటి పేరు పెద్దకోడలిది.