రైతు వేషం

ఖమ్మం మిర్చి యార్డులో హమాలీలంతా సంఘం మీటింగ్ కోసం ఒకచోట చేరారు. ఇంకాసేపట్లో తమ మధ్య ఒక మనిషి కిందపడి గిలగిలా కొట్టుకోబోతున్నాడని వాళ్లకు తెలియదు.

తెలిసింది ఇద్దరికే. మూర్ఛ రోగులకు సాయం చేసే సంస్థ నుంచి వచ్చిన కళ్యాణికి, హమాలీ సంఘం పెద్ద ధన్‌సింగ్‌కు.

ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో ఊరూరా చెప్పడానికి సంస్థకు ఒక సంఘం తోడు కావాలి. ఆటోల సంఘం టీ తాగించి పంపించింది. మహిళా సంఘం ఫొటోలు దిగి పంపించింది. మిగిలింది హమాలీలే. వాళ్లు సరేనంటే తండా తండాకూ మాట వెళుతుంది. కాదంటే ఇక అడగడానికి ఎవరూ లేరు.

“మాటలు చెప్తే మావోళ్లు కునుకు తీస్తరు మేడం. కండ్లకు చూపియ్యాలె,” అన్నాడు ధన్‌సింగ్.

అందుకే కళ్యాణి, తను వేషాల్లో తప్ప ఎప్పుడూ చూడని వీధినాటకాల జగదీష్‌తో ఫోన్లో మాట్లాడింది. “రైతు వేషంలో దిగుత అక్కా. మీరు గూడ గుర్తుపట్టరు సూడుండ్రి!” అని గొప్పలు పోయాడతను.

మాసిన లుంగీ, తలకు తువ్వాలు. మిర్చి బస్తాల పక్కన ఆ మనిషి దభీమని పడేదాకా కళ్యాణి నిజంగానే గుర్తుపట్టలేదు.

యార్డు గొల్లుమంది. హమాలీ లాలు తాళంచెవుల గుత్తి పట్టుకుని ఉరికాడు. ఒకడు బజ్జీల బండి మీది ఉల్లిగడ్డ అందుకున్నాడు. ఇంకొకడు చెప్పు విప్పాడు.

కళ్యాణి నవ్వు ఆపుకుంటూ మైకు తీసుకుంది. “లాలన్నా, ఆ గుత్తి జేబులో పెట్టుకో. తాళాలకు ఫిట్స్ తగ్గవు. అన్నా, నువ్వు ఆ చెప్పు తొడుక్కో.”

“మరి ఏం జెయ్యమంటవ్? గిట్ల సినిమా చూసినట్టు చూడాల్నా?” అన్నాడు లాలు.

“పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కాళ్లూ చేతులూ బిగబట్టొద్దు. నోట్లో ఏమీ పెట్టొద్దు. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సు పిలవాలి.”

కిందపడ్డ మిరపకాయలు ఏరుకునే చాంది, ఖాళీ గోనెసంచి మడిచి అతని తలకింద పెట్టింది. కాసేపటికి ఆ మనిషి నెమ్మదించాడు. కళ్లు తెరిచాడు.

“భయపడకండి. ఇదంతా నాటకం!” అంది కళ్యాణి.

ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు.

“నా... నా బస్తాలేవి?” అన్నాడా మనిషి బిత్తరచూపులు చూస్తూ.

అందరూ పడీ పడీ నవ్వారు. “ఓరి వీని యాక్టింగో! లేచినంక గూడ ఆపుతలేడు. నురగ ఎట్ల తెచ్చినవ్ తమ్మీ, సబ్బు నమిలినవా ఏంది?” అన్నాడు లాలు.

“నా పానం పోయినంత పనాయె గదరా,” అని చాంది అతని వీపు మీద ఒక్కటిచ్చింది.

ధన్‌సింగ్ గొంతు సవరించుకున్నాడు. “ఇగ చెప్పుండ్రి. సంస్థకు మనం తోడుంటున్నమా?”

చేతులన్నీ లేచాయి. గోనెసంచి మీద కూర్చున్న మనిషి కూడా, ఏమీ అర్థం కాక, చెయ్యెత్తాడు.

కళ్యాణి కళ్లు తుడుచుకుంటుంటే ఫోన్ మోగింది.

“అక్కా, నేను జగదీష్‌ని, బస్సు తల్లాడ కాడ ఖరాబైంది, నేనొచ్చేదాంక జర ఆట షురూ చెయ్యకుండ్రి!”