గది కావలెను, రాత్రి డ్యూటీ ఉంటుంది

“ఈ వయసులో చదువేంటి?” అన్నాడు భర్త, కలం చేతిలో పట్టుకుని, సంతకం మాత్రం పెట్టకుండా.

“చదువుకి వయసేంటండీ? ముందు సంతకం పెట్టండి,” అంది భార్య.

వారం రోజులుగా ఆ ఇంట్లో ఇదే వరస. పారామెడిక్ శిక్షణకి సీటొచ్చింది. అంబులెన్సులో రోగి పక్కన కూర్చుని, ఆస్పత్రి చేరేదాకా ప్రాణం నిలబెట్టే పని అది. ఫీజు శిక్షణ సంస్థే భరిస్తుంది. కాకపోతే మధ్యలో మానేస్తే అంతా తిరిగి కట్టాలి. అందుకని ఇంట్లోవాళ్ళు హామీ సంతకాలు పెట్టాలి. పైగా అంబులెన్స్ స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దగ్గర్లో గది చూసుకోవాలి. సోమవారంలోపు రెండూ కుదరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆమె సంతకం ఎప్పుడో అయిపోయింది. భర్తదే బాకీ.

ఈ పిచ్చి పట్టింది కిందటేడు, పక్కింటాయన మెట్లమీద కుప్పకూలిన రోజున. జనమంతా నీళ్ళు, గాలి అని అరుస్తూ ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటుంటే, ఈ ఇంటి మనిషే ఆయన ఛాతీ మీద రెండు చేతులూ వేసి, అంబులెన్సువాళ్ళు ఫోనులో చెప్పినట్టల్లా నొక్కుతూ కూర్చుంది. ఆయన ఇప్పుడు రోజూ పొద్దున్నే అవే మెట్లమీద కూర్చుని పేపరు చదువుతూ అందరి దారికీ అడ్డం పడుతున్నాడు. ఆ రోజు వచ్చిన అంబులెన్సాయన పోతూ పోతూ, “మీ చేతుల్లో ఏదో ఉందమ్మా, ఈ పని నేర్చుకోండి,” అని అంటించిపోయాడు.

“ఇల్లెవరు చూస్తారు? పిల్లాణ్ణి బడికెవరు తయారుచేస్తారు?”

“మీకు చేతుల్లేవా?”

భర్త తన చేతుల వంక చూసుకున్నాడు. ఉన్నాయి.

“అది కాదే. మనింట్లో ఆడవాళ్ళు ఎవరైనా రాత్రి డ్యూటీలు చేశారా?”

“మీకు జ్వరం వచ్చినప్పుడల్లా తెల్లవార్లూ తడిగుడ్డ వేస్తూ కూర్చున్నదెవరు? అది డ్యూటీ కాదా?”

అతను గొణుక్కుంటూనే సంతకం గీకేశాడు.

మూల కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు అప్పుడు నోరు తెరిచింది. “ఎందుకే ఈ గోలంతా? ఉన్నదాంతో ఉండక.”

“మీరు మాట్లాడకండి అత్తయ్యా,” అంది కోడలు. ఆవిడ మళ్ళీ బఠాణీల మీద పడింది.

గది అద్దె సంగతి మరిది తేల్చేశాడు. కొత్త బండి కోసం దాచుకున్నదంతా వదిన ముందు పెట్టి, “బండి వచ్చే ఏడు కొనుక్కుంటాలే వదినా,” అన్నాడు. అత్తగారు అతని వంక ఒకసారి చూసి, గబగబా ముఖం తుడుచుకుంది. ఉక్కపోతో, ఉక్రోషమో, అడిగే తీరిక ఎవరికీ లేదు.

కోడలు పనిచేసే బట్టల కొట్టుకి సెలవు పెట్టి గదుల వేటలో పడింది. అంబులెన్సు అనగానే ఎవరి మొహమూ బాగుండటం లేదు. “ఆ బండి మా ఇంటి ముందు ఆగితే నేనే పోయాననుకుంటారు,” అన్నాడొక ఇంటాయన, తలుపు సగమే తెరిచి.

చివరికి స్టేషన్ వెనక వీధిలో ఒక ఇంటావిడ ఫోనులో మెత్తబడింది. కానీ ఒక మెలిక పెట్టింది. “చదువుకునేవాళ్ళకి ఇవ్వాలంటే ఇంట్లో పెద్దవాళ్ళు కూడా వచ్చి మాట్లాడాలి. అది నా పద్ధతి.”

రానంటే రానని మొరాయించిన అత్తగారిని కోడలు ఆదివారం పొద్దున్నే బస్సెక్కించింది.

ఇంటావిడ కోడల్ని ఎగాదిగా చూసి, “గేటు తొమ్మిదింటికి వేసేస్తాను,” అంది.

“గుండెపోటు తొమ్మిదిలోపే తెచ్చుకోండని ఎవరికి చెప్తామండీ? ఇంకో తాళంచెవి ఇప్పించండి. గేటు చప్పుడు కాదు, పూచీ నాది.”

ఇంటావిడకి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని అత్తగారి వైపు తిరిగింది. “పెద్దావిడ ఏమీ మాట్లాడట్లేదే? అర్ధరాత్రి డ్యూటీలు, రక్తాలు, ఏడుపులు. నెల తిరక్కుండా మీరే వద్దని కూర్చుంటే నా గది మళ్ళీ ఖాళీ. మనసులో మాట చెప్పండి. మీకిది ఇష్టమేనా?”

కోడలు అత్తగారి వంక చూసింది. ఇన్ని రోజుల్లో అత్తగారు తన నోటితో అవునని ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడు కాదంటే పడ్డ పాట్లన్నీ బూడిదలో పోసినట్టే. ఆవిడ ఒళ్ళో పెట్టుకున్న తన చేతుల్నే చూసుకుంటోంది.

“ఇష్టమేనండీ,” అంది అత్తగారు. సరిగా వినపడలేదేమోనని గొంతు పెంచింది. “చాలా ఇష్టం.”

కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషంతోనే.

“ఇలాంటి అత్తగారు దొరకడం నీ అదృష్టం అమ్మాయ్,” అంటూ ఇంటావిడ తాళంచెవులు రెండూ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

“నిజమేనండీ,” అంది కోడలు.

తర్వాత ఆ తాళంచెవుల్ని అత్తగారి గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూస్తూ, “ఇంటి సంగతి మేం చూసుకుంటాం అత్తయ్యా, మీరు మాత్రం రేపు క్లాసులో ముందు బెంచీలోనే కూర్చోండి,” అంది.