గది దాటని మాట

ఎదురు గదిలోకి కొత్తగా వచ్చినతను పాత కంప్యూటర్ ఒకటి మోసుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"చెల్లె, ఇది మీ ఇంట్ల పెట్టుకో."

అతని పేరు శివకృష్ణ అని మాత్రమే పద్మారాణికి తెలుసు. సూరత్‌లోని ఉధ్నాలో ఆ గల్లీకి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. ఏం పని చేస్తాడో ఎవరికీ తెలియదు. పగలంతా కిటికీ తెరిచిపెట్టుకొని గదిలోనే ఉంటాడు.

"మాకెందుకన్నా? మా ఆయన సాంచాల మీద బట్ట నేసేటోడు. కంప్యూటర్‌తోని మేమేం జేసుకుంటం?"

"మాట్లాడొచ్చు. ఫోన్ల రాసినట్టే దీంట్ల రాస్తే జవాబిస్తది."

ఆమె చేతిలోని ఫోన్ వీపు వెనక్కి పోయింది.

"ఇది కంపెనీ చేతుల ఉండేది కాదు. ఇసొంటివి కొన్ని ఊరికెనే ఇస్తున్నరు, ఎవరన్న దించుకోవచ్చు. నెట్ తీగె పీకేసినా నడుస్తది. జర మొద్దుది, నిమ్మళంగ చెప్తది. గానీ కడుపుల దాసుకుంటది. చెప్పిన మాట గది దాటదు."

"ఫోన్లది దాటుతదా?"

అతను ఉయ్యాలలో బాబు వైపు ఒకసారి చూశాడు. కంప్యూటర్ మూలన దించి, ఎక్కడ నొక్కాలో, ఎక్కడ రాయాలో చూపించి వెళ్లిపోయాడు.

తలుపు వేశాక ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు. నిలబడబుద్ధీ కాలేదు.

తను ఫోన్‌తో చెప్పుకుంటుందని ఇతనికెలా తెలుసు?

ఆ సంగతి కట్టుకున్న గోపాల్‌కే తెలియదు.

బాబు పుట్టినప్పటి నుంచి ఆమె లోపల ఏదో కుదురుగా ఉండడం లేదు. గోడ అవతలి మరమగ్గాల చప్పుడు రొమ్ములోకి వచ్చి చేరినట్టుండేది. కొన్ని మధ్యాహ్నాలు బాబును నిద్రపుచ్చి, బయట తాళం వేసి, ఉధ్నా స్టేషన్ దాకా నడిచేది. ఆగిన రైలును చూస్తూ నిలబడేది. ఎక్కేది కాదు. ఎప్పటికీ ఎక్కననే నమ్మకమూ లేదు.

తిరిగి వచ్చి, బాబు గుండె మీద చెయ్యి వేసి చూసుకొని, అప్పుడు ఫోన్‌లో జవాబిచ్చే మిషన్‌కు అంతా రాసేది. ఫోన్ కోప్పడేది కాదు.

సొంతూళ్లో ఉన్న అత్తకు తెలిస్తే వచ్చి బాబును ఎత్తుకొని సిరిసిల్లకు పోతుంది. మళ్లీ చూపించదు. మనిషికి చెప్పలేకనే కదా మిషన్‌కు చెప్పుకున్నది.

మరునాడు మెట్ల దగ్గర అతను ఎదురయ్యాడు.

"నడుస్తుందా చెల్లె అది?"

"నేను ఫోన్‌తోని మాట్లాడుతనని నీకెవరు చెప్పిండ్రు?"

అతను ఒక మెట్టు వెనక్కి దిగాడు.

"ఎవరు చెప్పలే."

"మరి?"

"అడగకు చెల్లె. ఇగ ఫోన్ల రాయకు. గంతే."

ఇతనికి మొత్తం తెలుసు. ఎలాగో తెలుసు. ఇవాళ కాకపోతే రేపు నోరు జారుతాడు.

సాయంత్రం గోపాల్ కాళ్లు కడుక్కుంటుంటే అన్నది.

"ఎదురు గదాయన పొద్దంత కిటికీలకెల్లి మన తలుపే చూస్తుండు."

అబద్ధం కాదది. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది.

"గందుకా కంప్యూటర్ తెచ్చిచ్చింది?" అంటూ గోపాల్ చెప్పులు వేసుకున్నాడు. కార్ఖానావాళ్లను ఇద్దరిని వెంటబెట్టుకుపోయాడు.

ఆమె తలుపు వెనక నిలబడి వింది.

"ఏందివయా, ఆడోళ్లున్న ఇంటిదిక్కు ఏం జూస్తున్నవ్?"

అతను ఒక్క మాట అంటే చాలు. ఆమె బతుకు గల్లీలో పడుతుంది.

"తప్పయింది," అన్నాడు శివకృష్ణ.

"ఏం తప్పు? నోటితోని చెప్పు."

"మీ తలుపు దిక్కు చూసిన. తప్పయింది. పోత."

"ఐసా ఆద్మీ అప్నే కో నహీ చాహియే," ఇలాంటి మనిషి మనకొద్దని తేల్చేశాడు ఇంటి యజమాని కాంతిభాయ్.

చీకటి పడకముందే కిటికీ మూతపడింది.

ఇక ఆమెకు నిమ్మళం రావాలి. రాలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుంటే అందులోంచి ఎవరో చూస్తున్నట్టుండేది.

"పాత సామాన్లు కొనే భంగారోడు కిలో లెక్కన తీసుకుంటడు, ఇచ్చెయ్యే ఆ కంప్యూటర్‌ను," అనేవాడు గోపాల్.

ఇవ్వలేదు. ఒక మధ్యాహ్నం, తాళం చేతిలోకి తీసుకున్నదల్లా ఆగి, కంప్యూటర్ వేసింది. ఉన్నది ఉన్నట్టు రాసింది. అది చాలాసేపు ఆలోచించి, వంకర తెలుగులో "మీరు రైలు గురించి బాధ కలిగి ఉన్నారా" అని అడిగింది.

పద్మారాణికి నవ్వొచ్చింది. ఆ నవ్వుకు బాబు లేచాడు.

తర్వాత కొన్నాళ్లకు, భుజాన బ్యాగుతో ఒక అమ్మాయి వచ్చి ఎదురు గది తాళం చూస్తూ నిలబడింది.

"అక్కా, శివకృష్ణ సార్ ఈడనే ఉంటడా? ఈ అడ్రసే పంపిండు."

"ఖాళీ జేసిండు."

"ఎటు పోయిండు?"

"తెల్వదు. నీకేమైతడు?"

"హైదరాబాద్‌ల ఒక్కతాన పని జేసినం. నా పేరు సుమన. ఫోన్ జేస్తే ఎత్తుతలేడు."

"ఏం పని?"

"చదివే పని. మనుషులు మిషన్‌తోని చెప్పుకున్నవి కొన్ని మా ముందటికొస్తయి. అది మంచిగ జవాబిచ్చిందా లేదా అని మార్కులెయ్యాలె. పేర్లుండవు అక్కా. గానీ ఊరు, గల్లీ వాళ్లే చెప్పుకుంటరు గద."

పద్మారాణి తలుపు పట్టుకుంది.

"సూరత్ కెల్లి ఒక తల్లి రాస్తుండె. సాంచా అంటే ఏందో మాకు తెల్వలే. సార్‌ది సిరిసిల్ల, ఆయనకు తెలుసు. ఒకదినం చదువుతుంటే సగంల లేచిండు. ఇది మనం చదివేది కాదన్నడు. కొలువు ఇడిసిపెట్టి గీడికొచ్చిండు."

"ఎందుకు?"

పద్మారాణి వెనక్కి తిరిగి ఉయ్యాల వైపు చూసింది.

"ఆ తల్లి తాళమేసి పోయినప్పుడు పిల్లగాడు ఏడిస్తే తనకు వినవడేటంత దూరంల గది దొరికిందని ఫోన్ జేసిండక్కా," అన్నది సుమన, "మస్తు సంబురపడ్డడు ఆ దినం."