యూరియా వేయని నాలుగు సాళ్లు

రోడ్డు పక్క నాలుగు సాళ్లకు మాత్రం యూరియా వేయకండి, తేడా మీకే తెలుస్తుందన్నాడు వ్యవసాయాధికారి. తీరా వచ్చి చూస్తే, మొక్కజొన్న చేను మొత్తంలో ఆ నాలుగు సాళ్లే నిగనిగలాడుతున్నాయి.

ఆయన గంతులేయడం ఒక్కటే తక్కువ. "మీ నేలలోనే బోలెడు నత్రజని ఉందండీ! వచ్చే ఏడు చేనంతా యూరియా మానేయండి."

మా ఆవిడకు భయం పట్టుకుంది. "లేదు సార్. దారిన పోయేవాళ్లు మా పైరు చూసి నవ్వుతారని నేనే నాలుగు దోసిళ్లు చల్లాను."

"సార్ మాటంటే లెక్కలేదా? పరువు తీశావు కదే!" అని ఇంతెత్తున లేచాను.

"ఊరుకోండి," అంది నెమ్మదిగా. "మీరు అవే సాళ్లకు సగం బస్తా చల్లేసి, మిగతాది మన మంచం కింద దాచారు చూడండి, నేను తీసింది అందులోంచే."