బెర్నాబే ముంచిన ఓడ

సరంగు బెర్నాబేని కసిమీరో ఈ జన్మలో క్షమించడు.

ఆ సంగతి సాన్ తెల్మో రేవులో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళు మిగిలారేమోనని కసిమీరో రోజూ చెబుతూనే ఉన్నాడు. చేపలు కొనడానికి వచ్చినవాళ్ళకి చెప్పాడు. చర్చిలో ఫాదరీకి చెప్పాడు. ఎవరూ దొరక్కపోతే కుక్కకి చెప్పాడు.

"చదువుకున్నవాడు కదా, కాగితం చూసి ఓడ నడిపాడు. నీళ్ళు చూసి నడిపుంటే నా కొడుకు బతికేవాడు."

ఓడ పేరు కన్‌స్టాన్సియా. పెరూ దేశం పక్షుల రెట్టని ఎరువుగా అమ్మిన డబ్బుతో ఇంగ్లండులో కట్టించుకున్న ఇనుప తొడుగు యుద్ధనౌక. నాలుగున్నర అంగుళాల మందం ఇనుము. ఫిరంగి గుండు తగిలితే వేయించిన మొక్కజొన్న గింజలా ఎగిరి అవతల పడేది.

యుద్ధం చిలీతోనే అయినా, దాన్ని చిలీ ఫిరంగులు ముంచలేదు. చిలీ వాళ్ళ చిన్న చెక్క ఓడ ఒకటి ఒడ్డు వారగా పారిపోతుంటే తరుముకుంటూ వచ్చి, సాన్ తెల్మో ఎదుట నీళ్ళ కింది బండకి కొట్టుకుంది. పొట్ట చీలి పక్కకి ఒరిగింది. అప్పుడు ఆ చెక్క ఓడ వెనక్కి తిరిగొచ్చి తీరిగ్గా కాల్చింది.

కసిమీరోకి ఒక్కడే కొడుకు, రుఫీనో. ఓడ ముందు కొసన నిలబడి, సీసపు గుండు కట్టిన తాడుతో లోతు కొలిచే పని వాడిది. "ఎనిమిది బారలు" అని అరిచాడట. ఆ వెంటనే ఓడ బండకి గుద్దుకుంది. ఆ అదురుకి నీళ్ళలో పడినవాడు మళ్ళీ తేలలేదు. పందొమ్మిదేళ్ళు. యుద్ధం కాగానే పెళ్ళి.

పెళ్ళి కుదిరిననాడు పక్క గుడిసె గ్రెగోరియో తాగి ఎగతాళి చేశాడు.

"కొడుక్కి ఏమిస్తావు బావా? ఆ తోలు తెప్పా, దాని మీది మాసికలా?"

"ఇస్తాను. ముందు పెళ్ళి కానీ."

"పోనీ ఆ కొర్వీనా చేపలు ఎక్కడ పడుతున్నావో అదైనా చెప్పు. మా అందరికీ వేలెడంత పడితే నీకు మోచేయంత పడతాయి."

"నీళ్ళలో పడుతున్నా," అన్నాడు కసిమీరో. అందరికంటే గట్టిగా రుఫీనో నవ్వాడు.

విచారణ సుంకం కొట్టులో జరిగింది. కిటికీలోంచి చూస్తే ఒరిగిన ఓడ, దాని మీద వరసగా వాలిన పక్షులు. ఏ రెట్టతో కొన్నారో ఆ రెట్టే దాని మీద పడుతోంది.

బెర్నాబే ఒక చేతికి కట్టు, ఇంకో చేతిలో టోపీతో నిలబడ్డాడు.

"పటంలో అక్కడ బండ లేదయ్యా. అయినా పటాన్ని నమ్మలేదు. కుర్రాణ్ణి అడిగాను."

"ఏ కుర్రాణ్ణి?" అన్నాడు అధికారి.

"రుఫీనోని. వాళ్ళ ఊరి నీళ్ళే కదాని. 'ఇక్కడ బండలేమైనా ఉన్నాయారా' అన్నాను. 'మా నాన్నకి తెలియని రాయి ఈ సముద్రంలో లేదు సరంగుగారూ. ఇక్కడేమీ లేదు, పోనివ్వండి' అన్నాడు."

కొట్టంతా ఒక్కసారి లేచింది.

"చచ్చినవాడి నెత్తిన రుద్దుతున్నావా? సిగ్గులేదట్రా?" అని గ్రెగోరియో సరంగు మీదకి పోయాడు. నలుగురు పట్టుకుని కూర్చోబెట్టారు.

మధ్యాహ్నం విరామంలో బెర్నాబే కసిమీరో దగ్గరికి వచ్చాడు. కాపలావాడు చూసీ చూడనట్టు అటు తిరిగాడు.

"అన్నా, వాడు ఆ మాట అన్నాడు. దేవుడి తోడు. రేవులో పెద్దవాడివి, నీ మాట వింటారు. ఆ బండ సంగతి ఇక్కడెవరికీ తెలియదని ఒక్క మాట చెప్పు. వదిలేస్తారు. లేకపోతే రెట్ట తవ్వే దీవులకి పంపుతారు. అక్కడికి పోయినవాడు ఊపిరితిత్తులతో తిరిగి రాడు. ముగ్గురు ఆడపిల్లలున్నారు నాకు."

కసిమీరో నేల మీద ఉమ్మేశాడు.

"నాకు ఒక్కడే ఉండేవాడు."

విచారణ మళ్ళీ మొదలయ్యాక అధికారి కసిమీరోని పిలిచాడు. "సరంగు చెప్పిన మాట నీ కొడుకు అని ఉంటాడా?"

కసిమీరో కిటికీలోంచి ఓడకేసి చూశాడు.

"తెలియని నీళ్ళ గురించి తెలుసని చెప్పేవాడు కాదయ్యా నా కొడుకు," అన్నాడు.

అధికారి రాసుకున్నాడు. బెర్నాబేకి ఆరేళ్ళ శిక్ష పడింది, రెట్ట దీవుల్లో తవ్వుడు పని. పడవ ఎక్కిస్తుంటే ఆడవాళ్ళు రాళ్ళు విసిరారు. ఒక రాయి కసిమీరో చేతిలో కూడా పెట్టారు. అతను విసరలేదు. ఎంత మంచి మనసో అనుకున్నారు.

వారం తిరక్కుండా రేవు రేవంతా తెప్పలేసుకుని ఓడ మీది రాగి ఊడదీయడానికి పోయింది. మూడో రోజున గ్రెగోరియో ఇసకలో పరుగెత్తుకుంటూ వచ్చాడు. రెండు చేతులా రెండు కొర్వీనాలు. ఒక్కోటి మోచేయి కంటే పొడుగు.

"రా బావా, తెప్ప దించు. ఆ ముదనష్టపు బండ చుట్టూ చేపలే చేపలు. ఇన్నాళ్ళూ మన కళ్ళు ఎక్కడ పెట్టుకున్నామో."

కసిమీరో కదలలేదు, ఒడ్డున కూర్చుని, తన పెళ్ళినాడు తండ్రి తనకొక్కడికే చూపించినదీ, రుఫీనోకి కూడా పెళ్ళినాడే చూపించాలని పందొమ్మిదేళ్ళు వాడి దగ్గర కూడా దాచినదీ అయిన తన ఆస్తి మొత్తం మీద ఊరివాళ్ళు వలలు వేస్తుంటే చూశాడు: పొడవు ఇరవై రెండు బారలు, వెడల్పు తొమ్మిది, పైన నీళ్ళు రెండున్నర.