ఎడమకాలెక్కడ?

"ఇది పుచ్చుకుని నన్ను క్షమించండి బాబూ" అంటూ ఒగురా మిఠాయి పెట్టెను రెండు చేతులా ముందుకు చాచి, నడుం దాకా వంగాడు.

అప్పుడే ప్రాక్టీసు ముగించి వస్తున్న ఇబుకికి ఏం చెయ్యాలో తోచలేదు. ఇబుకి ఆడే ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు గెలిచినా ఓడినా గోల్‌పోస్టు వెనక గ్యాలరీలో నిలబడి డ్రమ్ము వాయించే పెద్దమనిషి ఆయన.

"మీరు క్షమాపణ చెప్పడమేంటండీ?"

"మీ వీడియోల కింద 'ఎడమకాలెక్కడ' అన్న పేరుతో రాసేది ఈయనేనట" అంది క్లబ్బు ప్రచారం చూసే చిహారు. "మీ అభిమానులు పట్టేశారు."

ఇబుకికి అభిమానులు పది లక్షల పైమాటే. అందరూ ఫోన్లలోనే. అతను తల తుడుచుకున్నా వీడియోయే, అన్నం ముద్ద కొరికినా వీడియోయే. దేనికైనా గుండె బొమ్మలే. అందులో ఆట చూసేవాళ్లెందరో దేవుడికే తెలియాలి. 'ఎడమకాలెక్కడ' ఒక్కడే ప్రతి మ్యాచ్ తర్వాతా ముల్లులా గుచ్చేవాడు: 'ఎడమవైపు బంతి వస్తే జంకుతున్నావు. నిన్నటి గోలు నీ గొప్ప కాదు, గాలివాటం.'

"నేను రాయలేదమ్మా" అన్నాడు ఒగురా, వంచిన తల ఎత్తకుండానే. "నాకు ఫోన్లో టైపు చెయ్యడమే రాదు. ఆ మధ్య గ్యాలరీలోంచి 'ఎడమకాలు ఇంట్లో మర్చిపోయొచ్చావా' అని అరిచిన మాట నిజం. అదెవరో వీడియో తీశారు."

"రాయకపోతే మరి ఈ క్షమాపణ దేనికి?"

"నా పేరు మీద ఇంత గొడవయింది కదమ్మా. బాబుకి ఇబ్బంది."

"ఇబ్బంది నాకా, మీకా?" అన్నాడు ఇబుకి.

ఒగురా మిఠాయి పెట్టెను కిందికి దించాడు. "నా ఉడాన్ నూడుల్స్ దుకాణం మూసేశానండీ. పొద్దస్తమానం ఫోన్లో తిట్లే. నా నూడుల్స్‌లో పురుగులున్నాయని ముక్కూ మొహం తెలియనివాళ్లు రాస్తున్నారు. మా ఆవిడ గడప దాటట్లేదు. డ్రమ్ము కూడా వేరేవాళ్లకిచ్చేశాను. ఇక గ్యాలరీకి రాను."

ఇబుకికి సిగ్గేసింది. తన మొహం చూసి మురిసిపోయేవాళ్లే ఈ పెద్దాయన పొయ్యి ఆర్పేశారు.

చిహారు తొందరపెట్టింది. "సరే, ఒక్క ఫొటో తీసుకుందాం. ఆయన తల వంచుతారు, మీరు భుజం మీద చెయ్యి వేయండి. 'క్షమించేశాను' అని పెడదాం. మీ పేరింకా పెరుగుతుంది."

"ఆయన రాయలేదంటున్నారుగా?"

"నిప్పు లేందే పొగ రాదండీ! అయినా రాసిందెవరో ఎప్పటికి తేలుతుంది? ఫొటో పడితే సాయంత్రానికల్లా గొడవ సద్దుమణుగుతుంది."

"తియ్యమ్మా" అన్నాడు ఒగురా. "దుకాణం తెరుచుకుంటే చాలు."

"ఆ ఫొటో పడిందంటే మీ దుకాణం ఈ జన్మలో తెరుచుకోదు. ఒక్క నిమిషం ఆగండి" అని ఇబుకి పక్కకు తిరిగి ఫోన్లో ఏదో రాయసాగాడు. క్షమించే మాటలు తనే రాసుకుంటున్నాడని చిహారు సంబరపడింది.

అంతలో ఆమె చేతిలోని ఫోను మోగింది.

"చూశారా, మళ్లీ వాడే! 'ఎడమకాలెక్కడ'! ఏం కూశాడో వినండి" అంటూ గట్టిగా చదవబోయి, నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

'ఒగురా గారికి ఏ సంబంధమూ లేదు. మీలో ఒక్కరైనా నా మొహం వదిలి నా ఆట గురించి మాట్లాడతారేమోనని, ఇన్నాళ్లూ నన్ను నేనే తిట్టుకున్నాను. ఇట్లు, ఇబుకి.'