దొంగకు రంగెందుకు?

నాచారం చెరువు పొంగి సెల్లార్‌లోకి నడుము లోతు నీళ్లొచ్చిన ఏడాది అది. ఆ నీళ్లలో అపార్ట్‌మెంటు సీసీ కెమెరాల డబ్బా మునిగింది. నీళ్లు పోయాయి గానీ డబ్బా బాగుపడలేదు. నెల తిరక్కుండా సెల్లార్‌లో రెండు ఇత్తడి నల్లాలు మాయమయ్యాయి.

అక్కడి వాచ్‌మన్ హన్మయ్య. కాపలా కాయడం బాగానే వచ్చు. మధ్యాహ్నం తిన్నాక మాత్రం రాదు.

"నెలాఖరులోగా దొంగని పట్టుకో హన్మయ్యా. లేకపోతే గది ఖాళీ చెయ్యి," అన్నాడు అసోసియేషన్ ప్రెసిడెంటు భూషణం.

మెట్ల కింద ఉన్న ఆ గదే హన్మయ్యకూ భార్య సాలమ్మకూ ఇల్లు. ఇంకోటి లేదు.

హన్మయ్య దగ్గరున్నది బటన్ల ఫోను. అది ఫొటోలు తీయదు. వరదలో తడిసిన సామాను పారేస్తూ ఫ్లాట్లలో ఉండే తారామణి అనే ఆవిడ ఇచ్చిన పాత రీలు కెమెరా మాత్రం ఉంది. ఎండబెడితే పనిచేసింది. దాన్ని పట్టుకుని ఉప్పల్‌లో తనకు తెలిసిన ఒకే ఒక ఫొటో కొట్టుకు వెళ్లాడు. షట్టర్ వేసి ఉంది. ఓనరు పాండురంగ అన్నానికి నాచారం పోయాడనీ, మూడున్నరకు గానీ రాడనీ పక్క టీ కొట్టాయన చెప్పాడు. హన్మయ్య మెట్టు మీద కూర్చుని ఓ కునుకు తీశాడు.

"కలర్ రీలు కడగనీకి బొంబాయి పంపాలె మామా," అన్నాడు పాండురంగ వచ్చాక. "నీ జీతం అటే పోతది. బ్లాక్ అండ్ వైట్ తీస్కో. ఫిలిం పెద్ద చుట్ట తెచ్చి, నేనే ముక్కలు కోసి పాత డబ్బాలల్ల ఎక్కిస్త. సగం ధర. కడుగుడు గూడ ఈడనే, ఎనక రూముల."

"దొంగ అంగీ రంగు కనవడదు గదా?"

"దొంగకు రంగెందుకే? మొకం కనవడితే సాలదా?"

న్యాయమే అనిపించింది.

రీళ్లలోనూ రకాలున్నాయట. నూరు నంబరుది ఎండకు, నాలుగు నూర్లది నీడకు. ఏది కావాలో తేల్చడానికి పాండురంగ డాక్టరులా ఒక్కొక్కటే అడిగాడు. సెల్లార్‌లో వెలుతురెంత? లైట్లెన్ని? నువ్వు నిలబడేదెక్కడ? ఏ వేళప్పుడు?

హన్మయ్య మాట పొదుపు మనిషి. పెళ్లిచూపుల్లో కూడా అంత మాట్లాడలేదు. అడిగినవన్నీ చెప్పాడు. రెండు నుంచి మూడు దాకా తన కన్ను మూతపడుతుందన్నది అడక్కుండానే చెప్పాడు.

"ఆ టైముల తియ్యనే తియ్యకు. ఎండ నెత్తి మీదుంటది, సెల్లార్లకు దిగది. రీలు ఖరాబైతది. పొద్దుగాల తియ్, పొద్దుమీకి తియ్," అంటూ నాలుగు నూర్లది చేతిలో పెట్టాడు.

హన్మయ్య అనుమానమంతా నీళ్ల క్యాన్లు తెచ్చే జీవన్ మీదే. ముప్పై ఆరు ఫొటోల్లో ఇరవై జీవన్‌వే. కడిగి చూస్తే ఎంత బాగా వచ్చాయంటే క్యాన్ మీది ఈగ కూడా కనిపించింది. దొంగతనమే కనిపించలేదు. ఆ వారంలోనే, మధ్యాహ్నం పూట, మూడో నల్లా పోయింది.

ఇక మిగిలిన నల్లా ఒక్కటే. దాని పిడి వదులై చేతిలోకి ఊడొస్తుంటే, సాలమ్మ పాత చీర నుంచి చిలకపచ్చ అంచు చింపి గట్టిగా కట్టాడు.

"నా చీర అంచు పోయె. ఇగ నీ నౌకరొక్కటే మిగిలింది," అంది సాలమ్మ.

ఈసారి హన్మయ్య పాండురంగ మాట వినలేదు. రెండో రీలు ఎక్కించి, మధ్యాహ్నం రెండింటికి జనరేటర్ వెనక స్టూలు వేసుకున్నాడు. రెండుంపావుకు నిద్రపోయాడు.

టంగుమని చప్పుడైతే మెలకువ వచ్చింది. నల్లా దగ్గర ఎవరో వంగి ఉన్నారు. కళ్ల ముందంతా మసక. అయినా కెమెరా ఎత్తి ఓ నొక్కు నొక్కాడు. ఆ శబ్దానికి మనిషి ఇటు తిరిగాడు. ఇంకో రెండు నొక్కాడు. మనిషి నల్లాతో సహా బయటికి ఉరికాడు. కళ్లజోడు కోసం అంతా తడుముకున్నాక అది నెత్తి మీద దొరికింది.

నేరుగా ఉప్పల్ వెళ్లాడు. పాండురంగ అప్పుడే షట్టర్ లేపుతున్నాడు.

"దొరికిండు పాండూ! మొకం సక్కగ వడ్డది!"

"నువ్వు సూడలేదా మామా?"

"అద్దాలు నెత్తి మీదుండె."

పాండురంగ చాలాసేపు నవ్వాడు. "ఇయ్యాల పైసలొద్దు. ఊకెనే కడుగుత."

గంట తర్వాత తేటగా అద్దంలా ఉన్న రీలు పట్టుకుని బయటికొచ్చాడు. "ఒక్క బొమ్మ లేదు మామా. రీలు కొన లోపలి పండ్ల చక్రానికి పట్టలే. నువ్వు నొక్కుతనే ఉన్నవ్, అది జరగనే లేదు."

హన్మయ్య తన వేళ్ల వంక చూసుకున్నాడు. మొదటి రీలు ఎక్కించినవీ ఈ వేళ్లే. ముసలితనం వారంలో కూడా వస్తుంది కాబోలు అనుకున్నాడు.

"అద్దాలు నెత్తి మీద, రీలు డబ్బల," అంది సాలమ్మ గిన్నెలు మూటకడుతూ. "దొంగ ఎదురుంగ నిలవడి నవ్వినా నువ్వు గుర్తువట్టవు."

ఆఖరి నల్లా కూడా పోయేసరికి, రేపు సాయంత్రానికల్లా గది ఖాళీ చేయాలని భూషణం అప్పటికే కబురు పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే హన్మయ్య ఉప్పల్ నడిచి వెళ్లాడు. ఇక ఆ కెమెరా తనకెందుకు? డబ్బు తీసుకోకుండా కడిగిన మంచివాడికి ఇచ్చేద్దామనుకున్నాడు. పాండురంగ ముందు గదిలో ఎవరికో పాస్‌పోర్టు ఫొటో తీస్తున్నాడు. హన్మయ్య కెమెరా బల్ల మీద పెట్టి, చెమట మొహం కడుక్కుందామని వెనక గదిలోకి నడిచాడు.

"అటు పోకు మామా, నీళ్లు లేవు!" అని పాండురంగ అరిచేసరికే తొట్టి మీది నల్లా పిడి హన్మయ్య చేతిలో ఉంది.

ఈసారి కళ్లజోడు ముక్కు మీదే ఉంది. పిడికి చుట్టి, తను వేసిన ముడితోనే, చిలకపచ్చ చీర అంచు కనిపించింది.